జూన్‌లో శ్రీలంక వెళ్లేవారికి తూర్పు తీరమే మేలు

ప్రశ్న: నమస్తే అండీ. మాది విశాఖపట్నం. పిల్లల బడులు తెరిచేలోపు, జూన్ మొదటివారంలో ఏడు రాత్రులు శ్రీలంక వెళ్లాలనుకుంటున్నాం. బాబుకి 14 ఏళ్లు, పాపకి 9. బాబుకి అడవి జంతువులంటే పిచ్చి, చిరుతపులిని చూడాలంటాడు. పాపకి సముద్రంలో ఆడుకోవాలని ఉంది. మావారికి కాస్త సాహసంలాంటిది ఏదైనా చేయాలని కోరిక. ఒక ట్రావెల్ ఏజెంటు కాండీ, నువర ఎలియ, ఎల్ల, యాల, మిరిస్స, బెంతొట, కొలంబో అన్నీ కలిపి తక్కువ ధరకే ప్యాకేజీ ఇస్తానంటున్నాడు. మిరిస్సలో తిమింగలాలు చూపిస్తారట. మా అత్తయ్యగారికి 66 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు, పూర్తి శాకాహారి. ఆవిడకి త్రికోణమలైలో శాంకరీదేవి దర్శనం చేసుకోవాలని ఎన్నాళ్లనుంచో ఉంది. అది రూట్‌లో లేదని ఏజెంటు అన్నాడు. ఈ తిరుగుడు అమ్మ తట్టుకోలేదు, చెల్లి దగ్గర వదిలి వెళ్దామని మావారు అంటున్నారు. ఆవిడ పైకి సరే అన్నారు గానీ నాకు మనసొప్పడం లేదు. అడ్వాన్సు ఈ వారమే కట్టమంటున్నాడు. ఏం చేయమంటారు?

సమాధానం: అడ్వాన్సు ఇప్పుడే కట్టకండి. అత్తయ్యగారిని ఇంట్లో వదిలి వెళ్లకండి. ఈ రెండిటికీ కారణం ఒక్కటే. జూన్‌లో మీరు వెళ్లాల్సిన శ్రీలంక, ఆవిడ చూడాలనుకుంటున్న వైపే ఉంది.

మీ ఏజెంటు చెప్పిన ఊళ్లన్నీ చూడదగ్గవే. ఇబ్బందల్లా నెలతోనే. శ్రీలంకకు రెండు రుతుపవనాలు, రెండు తీరాలు. మనకు తెలిసిన నైరుతి రుతుపవనాలు కేరళను తాకకముందే ఆ ద్వీపాన్ని తాకుతాయి. మే నుంచి సెప్టెంబరు దాకా బెంతొట, గాలె, మిరిస్స ఉన్న నైరుతి తీరంలో వానలు, ఎగసిపడే అలలు. ఆ మబ్బుల్ని మధ్యలో ఉన్న కొండలు అడ్డుకుంటాయి కాబట్టి అదే సమయంలో తూర్పు తీరం పొడిగా, సముద్రం నెమ్మదిగా ఉంటుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్య రుతుపవనాలు వచ్చేసరికి అంతా తారుమారు. తూర్పున వాన, దక్షిణాన ఎండ. అందుకే ఆ దేశానికి "ఇది సీజన్, ఇది కాదు" అని చెప్పడానికి కుదరదు. ఏ నెలలో వెళుతున్నామో చూసుకుని తీరం ఎంచుకోవాలి.

మిరిస్సలో తిమింగలాల పడవలు తిరిగే కాలం సుమారుగా నవంబరు నుంచి ఏప్రిల్. జూన్‌లో అక్కడి సముద్రం ఎలా ఉంటుందంటే చాలామంది పడవలవాళ్లు పని ఆపేస్తారు. బెంతొటలో హోటల్ అద్దెలు తగ్గుతాయి. మీకు చూపించిన తక్కువ ధర వెనక ఉన్న కారణాల్లో ఇదొకటి. హోటల్ చవగ్గా దొరుకుతుంది కానీ పాప బాల్కనీలో నిలబడి సముద్రాన్ని చూడాల్సిందే, దిగడానికి ఉండదు.

ఇక దూరాల సంగతి. మ్యాపులో చూస్తే దేశం చిన్నది. విస్తీర్ణం సుమారు 65,600 చదరపు కిలోమీటర్లు, మన ఆంధ్రప్రదేశ్‌లో సగం కూడా లేదు. దాంతో ఏజెంట్లు రోజుకో ఊరు చొప్పున దండ గుచ్చేస్తారు. కానీ కొండదారుల్లో, రెండు వరుసల రోడ్ల మీద గంటకు 35, 40 కిలోమీటర్లు వెళితే గొప్ప. మీ ప్యాకేజీలో ఏడు ఊళ్లు, ఏడు రాత్రులు. అంటే ప్రతి ఉదయం సూట్‌కేసులు సర్దడం, ప్రతి మధ్యాహ్నం కారులో కూర్చోవడం. మీ వారు చెప్పింది నిజమే, ఆ తిరుగుడు అత్తయ్యగారు తట్టుకోలేరు. పాప కూడా తట్టుకోలేదు. అయితే మార్చాల్సింది ప్లాన్‌ని, మనుషుల్ని కాదు.

నా సలహా ఇది. మొదటి రాత్రి విమానాశ్రయానికి దగ్గరగా నెగొంబోలో, తర్వాత రెండు రాత్రులు హబరణ–సిగిరియా ప్రాంతంలో, మూడు రాత్రులు త్రికోణమలై పక్కన నిలావెలిలో, చివరి రాత్రి విల్పత్తు అడవి దగ్గర ఉండండి. మర్నాడు సాయంత్రమో రాత్రో కొలంబో నుంచి విమానం. ఎక్కడా నాలుగు గంటలకు మించిన ప్రయాణం ఉండకూడదన్న లెక్కతో వేసిన దారి ఇది. కాండీ, నువర ఎలియ, ఎల్ల, యాల, మిరిస్స, బెంతొట అన్నీ పోయాయి కదా అని బెంగపడకండి. వాటికోసం ఇంకోసారి, శీతాకాలంలో వెళ్లొచ్చు. ఎల్లకు వెళ్లే కొండరైలు అందరికీ ఇష్టమే. అయితే 2025 నవంబరు చివర్లో వచ్చిన దిత్వా తుపానుకు ఆ కొండల్లో రైలుమార్గం చాలాచోట్ల దెబ్బతింది. ఎవరైనా ఆ రైలును ప్యాకేజీలో చూపిస్తే, మీ తేదీల్లో పూర్తి దారి నడుస్తోందని రూఢి చేసుకున్నాకే డబ్బు కట్టాలి.

విశాఖ నుంచి మీరు చెన్నై మీదుగానో హైదరాబాద్ మీదుగానో వెళతారు. చెన్నై నుంచి కొలంబో గంటన్నర కూడా పట్టదు. కానీ విశాఖలో పొద్దున్నే లేచి, రెండు విమానాలు ఎక్కి దిగేసరికి అత్తయ్యగారు అలసిపోతారు. అందుకే దిగిన రోజే హబరణకు నాలుగు గంటల ప్రయాణం పెట్టుకోకుండా నెగొంబోలో ఆగమన్నాను. అక్కడ సముద్రం జూన్‌లో స్నానానికి పనికిరాదు. భోజనం చేసి పడుకోవడానికే ఆ రాత్రి.

హబరణలో మీ బాబు కోరిక సగం తీరుతుంది. ఆ చుట్టుపక్కల మిన్నేరియ, కౌడుల్ల, హురులు అని మూడు అడవులున్నాయి. మూడింటి మధ్యా ఏనుగులు తిరుగుతుంటాయి. మిన్నేరియ చెరువు మూడో శతాబ్దంలో మహాసేన రాజు తవ్వించింది. ఎండలు ముదిరి చెరువు వెనక్కి తగ్గేకొద్దీ బయటపడిన నేల మీద లేతగడ్డి మొలుస్తుంది. దానికోసం చుట్టుపక్కల అడవుల్లోని ఏనుగులన్నీ అక్కడికి చేరతాయి. ఆగస్టు, సెప్టెంబరుల్లో ఒక్కోసారి రెండు మూడు వందలు ఒకేచోట కనిపిస్తాయి. జూన్ మొదటివారానికి అంత గుంపు ఉండదు, మందలు చేరడం మొదలవుతూ ఉంటుంది. ఈమధ్య సంవత్సరాల్లో పైనున్న మొరగహకంద జలాశయం నుంచి నీళ్లు వదలడంతో మిన్నేరియ గడ్డిమైదానం ఎక్కువకాలం మునిగే ఉంటోంది. ఏనుగులు కౌడుల్ల వైపు వెళుతున్నాయి. అందుకని ఏ అడవి అన్నది ఇక్కడినుంచి బుక్ చేయకండి. ఆ రోజు పొద్దున హబరణలో జీపు డ్రైవర్లను అడిగితే మంద ఎటు ఉందో వాళ్లే చెబుతారు. ఏజెంటు ప్యాకేజీలో అడవి పేరు ముందే రాసి ఉంటే, "ఆ రోజు ఏనుగులు ఎక్కడుంటే అక్కడికి" అని మార్పించండి.

వెళ్లాల్సింది మధ్యాహ్నం రెండున్నర, మూడు గంటలకు. ఎండ తగ్గుతుంటే మందలు చెట్ల నీడ వదిలి గడ్డిలోకి వస్తాయి. జీపు ఇంజన్ ఆపించి ఒక మందను పట్టుకుని అరగంట చూడమని పిల్లలకు చెప్పండి. ఏనుగు ముందుకాలి గోళ్లతో నేలను తన్ని గడ్డి దుబ్బును వదులు చేస్తుంది. తొండంతో కుదురుగా పట్టి లాగుతుంది. వెంటనే నోట్లో పెట్టుకోదు. వేళ్లకున్న మట్టి రాలేదాకా కాలికేసి టపటపా కొట్టి, అప్పుడు తింటుంది. గున్నలకు ఈ విద్య ఇంకా రాదు. తల్లి దులిపి పెట్టిన గడ్డిని నోటి దగ్గరనుంచే లాక్కుంటాయి. నలభై ఏనుగుల్ని గబగబా ఫొటో తీసుకుని వెళ్లిపోయేవాళ్లకు ఇవేవీ కనపడవు. ఇంకో సంగతి, అక్కడి మగ ఏనుగుల్లో చాలావాటికి దంతాలుండవు. దంతాలున్నది కనిపిస్తే జీపుల్లో ఉన్నవాళ్లంతా లేచి నిలబడతారు.

అత్తయ్యగారు జీపులో రావచ్చు. వెనక సీట్లు ఎత్తుగా ఉంటాయి, కుదుపు ఎక్కువ. ఆవిడను డ్రైవరు పక్కన ముందుసీట్లో కూర్చోబెట్టండి. ఎక్కడానికి చిన్న స్టూలు తెమ్మని ముందే అడగండి, తెస్తారు.

మర్నాడు ఉదయం సిగిరియా. అయిదో శతాబ్దంలో కశ్యప రాజు రాతికొండ మీద కట్టుకున్న కోట అది. పైకి 1,200 మెట్ల దాకా ఉంటాయి. గేటు తెరవగానే ఎక్కాలి, తొమ్మిది దాటితే ఆ రాయి మీద కాలు పెట్టలేం. అత్తయ్యగారు కింద రాజుగారి తోటల్లో, నీటి కొలనుల దగ్గర, మ్యూజియంలో హాయిగా గడపొచ్చు, అదంతా చదునైన నేల. ఎవరో ఒకరు ఆవిడతో ఉండండి. టికెట్ దగ్గర పాస్‌పోర్టులు చూపిస్తే సార్క్ దేశాలవారికి, అంటే మనకు కూడా, తగ్గింపు ధర ఉంటుంది. ఆ కాగితాలు హోటల్లో వదిలి వచ్చి పూర్తి డాలర్ ధర కట్టే కుటుంబాలు బోలెడు.

హబరణ నుంచి త్రికోణమలై 85 కిలోమీటర్లు, రెండు గంటలు. ఈ దారిలో చీకటి పడ్డాక ప్రయాణం పెట్టుకోకండి. ఏనుగులు రోడ్డు దాటుతుంటాయి. ఆ దేశంలో మనుషులకూ ఏనుగులకూ మధ్య గొడవలో ఏటా వందల ఏనుగులు చనిపోతున్నాయి. 2025 ఫిబ్రవరిలో హబరణ దగ్గరే రైలు ఢీకొని ఒకే మందలో ఆరు ఏనుగులు పోయాయి. రోడ్డు పక్కన నిలబడి అరటిపళ్లకు ఎదురుచూసే ఏనుగు కనిపిస్తే పాప జాలిపడుతుంది, పెడదామంటుంది. పెట్టనివ్వకండి. అలా అలవాటుపడ్డ ఏనుగే తర్వాత వాహనాలను ఆపడం నేర్చుకుంటుంది, చివరికి ఎవరో దాన్ని కాల్చేస్తారు. ఏనుగు మీద సవారీ, గొలుసులు వేసిన ఏనుగుకు స్నానం చేయించడం లాంటివి కూడా ఆ దారిలో ఎవరైనా చూపిస్తే వద్దనండి.

ఇక సముద్రం. విశాఖ పిల్లలకు సముద్రం కొత్త కాదు. కానీ రామకృష్ణా బీచ్‌లో మోకాలు దాటి లోపలికి పోనిస్తామా? ఏటా అక్కడ ఎంతమంది కొట్టుకుపోతారో మీకు చెప్పక్కర్లేదు. మీ పాప సముద్రం పక్కనే పెరిగినా, సముద్రంలో తేలుతూ నీళ్లలోకి తొంగి చూసి ఉండదు. నిలావెలి ఇవ్వగలిగింది అదే. త్రికోణమలైకి ఉత్తరంగా 15 కిలోమీటర్లు. తెల్లటి ఇసుక, జూన్‌లో నెమ్మదైన నీళ్లు. తీరానికి ఎదురుగా పావురాల దీవి, అంటే పిజియన్ ఐలాండ్. పడవలో పది పదిహేను నిమిషాలు. 2003 నుంచి అది జాతీయ వనం, వన్యప్రాణి శాఖ టికెట్ తీసుకుని వెళ్లాలి.

దీవికి పొద్దున తొలి పడవల్లో వెళ్లండి. పదింటికల్లా జనం నిండుతారు, వారాంతాల్లో మరీనూ. మాస్కు, గొట్టం పెట్టుకుని ముఖం నీళ్లలో ఉంచితే నడుంలోతులోనే పగడాలు, రంగురంగుల చేపలు కనిపిస్తాయి. రెక్క చివర నల్లగా ఉండే చిన్న షార్కులు కూడా అటూ ఇటూ తిరుగుతుంటాయి. షార్క్ అనగానే మీకు టెన్షన్ రావచ్చు. బ్లాక్‌టిప్ రీఫ్ షార్క్ అనే ఈ జాతి మనిషిని చూస్తే తప్పుకుని పోతుంది. తరిమితే తప్ప ఏమీ అనదు. పాపకు లైఫ్ జాకెట్ వేసే దింపండి, మీరో మీవారో చెయ్యి వదలకండి. బయల్దేరే ముందు విశాఖలోనే ఏదైనా స్విమ్మింగ్ పూల్‌కు తీసుకెళ్లి మాస్కు పెట్టుకుని నోటితో ఊపిరి తీయడం రెండు మూడుసార్లు అలవాటు చేస్తే చాలు. ఆ అలవాటు లేక దీవికి వెళ్లి భయపడి ఏడ్చే పిల్లలు ఎక్కువ. ఈతదుస్తులు కొనేటప్పుడు పొడుగు చేతులవి కొనండి, వీపు కాలదు. పగడాల మీద నిలబడొద్దని పిల్లలకు గట్టిగా చెప్పండి. అవి రాళ్లు కాదు, ప్రాణులు. ఒక్క అడుగుకు ఎన్నో ఏళ్ల పెరుగుదల విరిగిపోతుంది. ఆ దీవి పగడాలు ఇప్పటికే సందర్శకుల కాళ్లకింద చాలా నలిగాయి, ఈ విషయంలో మొహమాటపడకుండా పక్కవాళ్లకు కూడా చెప్పండి.

మీవారి సాహసం ఇక్కడే తీరుతుంది. ఉప్పువెలి, నిలావెలిల్లో స్కూబా, అంటే గాలి సిలిండరుతో నీటి అడుగున ఈదడం, నేర్పే చోట్లు ఈ నెలల్లో తెరిచి ఉంటాయి. శిక్షకుడు పక్కనే ఉండి తీసుకెళ్లే తొలి డైవ్‌కు ఈత బాగా రావాలని లేదు. పదేళ్లు నిండినవాళ్లను తీసుకుంటారు కాబట్టి బాబు కూడా వెళ్లొచ్చు. ఆస్తమా, చెవిపోటు, గుండె సమస్య లాంటివి ఉంటే దాచకుండా చెప్పాలి. డైవ్ చేశాక విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలి. చివరి రాత్రి విల్పత్తులో పెట్టడానికి అదీ ఒక కారణం. రాఫ్టింగ్ గురించి మీరు అడగలేదు గానీ ఎవరో ఒకరు కితుల్‌గలకు వెళ్లమంటారు. అది తడిగా ఉండే పడమటి కొండల్లో ఉంది, జూన్‌లో నది ఎప్పుడు ఉప్పొంగుతుందో చెప్పలేం. ఈసారికి వదిలేయండి.

తిమింగలాలు కూడా ఈ వైపే. త్రికోణమలై దగ్గర సముద్రగర్భంలో లోతైన లోయ తీరం దాకా వస్తుంది. అందువల్ల మార్చి నుంచి ఆగస్టు వరకు నీలి తిమింగలాలు ఒడ్డుకు బాగా దగ్గరగా తిరుగుతాయి. జూన్‌కి వాటి రాక తగ్గుముఖం పడుతుంది, కనిపిస్తాయన్న గ్యారంటీ లేదు. డాల్ఫిన్లు మాత్రం తరచు ఎదురవుతాయి. ఇక్కడ వెళ్లేవి చిన్న ఫైబర్ పడవలు, పైన నీడ కూడా అన్నిటికీ ఉండదు. అత్తయ్యగారికి వద్దు, పాపకి వాంతులయ్యే అలవాటుంటే ఆమెకీ వద్దు. బాబునీ మీవారినీ తెల్లవారుజామున పంపండి. పడవ మాట్లాడేటప్పుడే, జంతువుకు వంద మీటర్ల ఇవతలే ఆగాలని, వెంటాడకూడదని చెప్పండి. తల పైకెత్తి ఊపిరి తీసుకునే ప్రాణి చుట్టూ పది పడవలు మూగితే అది బెదిరి నీటి లోపలికి వెళ్లిపోతుంది, అందరికీ నష్టమే.

నిలావెలిలో సముద్రం నెమ్మది అన్నాను కదా అని అజాగ్రత్త వద్దు. అల విరగకుండా, నీళ్లు సాఫీగా కనిపించే సన్నటి పాయ ఏదైనా ఉంటే అక్కడ దిగకండి, అదే లోపలికి లాగే ప్రవాహం. పొరపాటున అందులో పడితే ఒడ్డుకు ఎదురీదకూడదు. తీరానికి సమాంతరంగా పక్కకు ఈది బయటపడాలి. బాబుకి ఇది నోటికి వచ్చేలా చెప్పండి. హోటల్ వాళ్లను ప్రతిరోజూ "ఇవాళ ఎక్కడ దిగొచ్చు" అని అడగడం సిగ్గుపడాల్సిన విషయం కాదు.

ఇప్పుడు అత్తయ్యగారి సంగతి. అష్టాదశ శక్తిపీఠాల్లో మొదట చెప్పుకునే శాంకరీదేవి కొలువున్నది త్రికోణమలై కోణేశ్వరాలయంలో. నిలావెలి నుంచి అరగంట ప్రయాణం. ఊరి చివర సముద్రంలోకి చొచ్చుకుపోయిన కొండకొమ్ము మీద ఉంటుంది గుడి. దాన్ని చేరాలంటే ఫ్రెడరిక్ కోట ద్వారం గుండా వెళ్లాలి. ఆ కోటలో చుక్కల జింకలు గుంపులుగా మనుషుల మధ్యే తిరుగుతుంటాయి. పాతకాలపు ఆలయాన్ని పదిహేడో శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు పడగొట్టి సముద్రంలోకి తోసేశారు. ఇప్పుడున్నది 20వ శతాబ్దంలో తిరిగి కట్టుకున్నది. బండి కోటలోపలిదాకా వెళుతుంది, చివర కాస్త ఎత్తు, కొన్ని మెట్లు ఉంటాయి. మధ్యాహ్నం రాయి కాలిపోతుంది, చెప్పులు విడిచి నడవాలి. అందుకని పొద్దున్నో సాయంత్రం పూజవేళకో తీసుకెళ్లండి. ఆ రోజుకి ఇంకేమీ పెట్టుకోకండి. ఆవిడకి ఎంతసేపు కూర్చోవాలనిపిస్తే అంతసేపు కూర్చోనివ్వండి. కొండచరియ అంచున నిలబడితే కింద లోతైన సముద్రం. పిల్లలకూ విసుగు రాదు.

తిండి విషయంలో ఒక్క జాగ్రత్త. అక్కడి భోజనం మనకు దగ్గరే. అన్నం, పప్పు, కొబ్బరిపాలతో కూరలు, ఇడియాప్పం, ఆప్పం. కానీ శాకాహారం అన్న కూరల్లో కూడా, ముఖ్యంగా కొబ్బరి పచ్చడిలో, ఉంబలకడ అనే ఎండుచేప పొడి వేస్తారు. వండేవాళ్ల దృష్టిలో అది మసాలాలాంటిది, అందుకే "వెజ్" అని అడిగితే అవుననేస్తారు. "చేప పొడి కూడా వద్దు" అని విడిగా చెప్పాలి. సింహళంలో "మాళు ఎపా" అంటే చేప వద్దని. త్రికోణమలై ఊళ్లో తమిళుల శాకాహార హోటళ్లున్నాయి, అక్కడ ఆవిడ నిశ్చింతగా ఇడ్లీ, దోసె తినొచ్చు. మట్టిపిడతల్లో గేదెపెరుగు, దానిమీద కితుల్ అనే తాటిజాతి చెట్టు నుంచి తీసిన పాకం పోసి ఇస్తారు. పిల్లలకు తప్పకుండా పెట్టించండి.

నిలావెలి నుంచి విల్పత్తుకు వెళ్లేటప్పుడు త్రికోణమలై దాటగానే కన్నియ దగ్గర ఆగండి. ఏడు చిన్న చతురస్రపు బావులు, ఏడింటిలోనూ వేడినీళ్లు, ఒక్కోదానిలో ఒక్కో వేడి. తల్లి కర్మకాండ కోసం రావణుడు తవ్వాడని కథ. చేదతో తోడి పోసుకుంటారు. అత్తయ్యగారి మోకాళ్లకు ఆ నీళ్లు హాయిగా ఉంటాయి. అక్కడినుంచి అనురాధపురం మీదుగా దారి. మీ తేదీలకు దగ్గర్లో పౌర్ణమి పడుతుందేమో క్యాలెండరులో చూడండి. జూన్ పౌర్ణమి పోసన్ పండుగకు మిహింతలే, అనురాధపురాలకు దేశం నలుమూలలనుంచీ జనం వస్తారు, ఆ రోజు ఆ రోడ్డు మీద వెళ్లకపోవడమే మంచిది. అనురాధపురం జిల్లాలో తెలుగు మాట్లాడే అహికుంటకులు కూడా ఉన్నారు. తరతరాలుగా పాములు, కోతులు ఆడిస్తూ దేశమంతా తిరిగినవాళ్లు, ఇప్పుడు చాలామంది స్థిరపడ్డారు. ఎక్కడైనా తారసపడితే మన మాటలో పలకరించండి. ఫొటోల కోసం మాత్రం వాళ్ల ఊరికి వెళ్లొద్దు.

బాబుకి చిరుత కనిపిస్తుందా? యాల అడవిలో కనిపించినంత తేలిగ్గా విల్పత్తులో కనిపించదు, అది ముందే చెప్పండి. కానీ యాలలో ఒక చిరుత చుట్టూ ముప్పై జీపులు చేరి దుమ్ము రేపడం చూస్తే అడవి మీద ఇష్టం ఉన్న పిల్లాడికి బాధే మిగులుతుంది. విల్పత్తు ఆ దేశంలోకెల్లా పెద్ద జాతీయ వనం, 1,300 చదరపు కిలోమీటర్లకు పైనే. అడవిలో అక్కడక్కడా విల్లు అనే సహజ మడుగులుంటాయి. జూన్‌కి అడవి ఎండుతుంటుంది కాబట్టి జంతువులు వాటి ఒడ్డుకే వస్తాయి. లంకలో పులులు, సింహాలు లేవు. చిరుతే అడవికి రాజు, అందుకే పట్టపగలు దారి మధ్యలో పడుకోవడానికి కూడా జంకదు. అదృష్టం బాగుంటే ఎలుగుబంటి సైతం కనిపిస్తుంది. తెల్లవారగానే గేటు దగ్గర ఉండండి, పదిన్నరకు బయటికి రండి. బయల్దేరేటప్పుడే డ్రైవరుతో చెప్పండి, "చిరుత కనపడకపోయినా నీ బక్షీసు నీకిస్తాం, బండిని పరుగెత్తించొద్దు" అని. ఈ ఒక్క మాటతో సఫారీ తీరు మారిపోతుంది. స్నానం, భోజనం అయ్యాక విమానాశ్రయానికి నాలుగు గంటలు వేసుకోండి.

ఖర్చు విషయానికొస్తే, అడవుల టికెట్లు విదేశీయులకు డాలర్లలో ఉంటాయి, జీపు అద్దె వేరు, పైన పన్నులు. అయిదుగురికి ఒక్క సఫారీ చేసినా చిన్న మొత్తం కాదు. అందుకే రెండే పెట్టాను. కారు మాట్లాడేటప్పుడు పెట్రోలు, డ్రైవరు బస, పార్కింగు, రోజుకు ఎన్ని కిలోమీటర్లు అన్నవి ధరలో కలిశాయో లేదో రాతపూర్వకంగా తీసుకోండి. మీరు అయిదుగురు, సామాన్లు ఉన్నాయి కాబట్టి వ్యాన్ అడగండి, మోకాళ్లు చాపుకునే చోటుంటుంది. 2024 నుంచి అక్కడ యూపీఐ పనిచేస్తోంది గానీ జీపులకు, పడవలకు నగదే దిక్కు. ఈటీఏ అనే ప్రవేశ అనుమతికి శ్రీలంక ఇమిగ్రేషన్ శాఖ సొంత వెబ్‌సైట్‌లోనే దరఖాస్తు చేయండి. అచ్చం అలాగే ఉండే నకిలీ సైట్లు అదనంగా డబ్బు గుంజుతాయి. పాస్‌పోర్టులకు ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి, అత్తయ్యగారిది ముందుగా చూడండి. దోమల మందు, ప్రయాణ బీమా మర్చిపోవద్దు.

ఒకవేళ మీవారికి సెలవు కుదరక ప్రయాణం సంక్రాంతికి మారితే, నేను చెప్పిందంతా తిప్పి చదువుకోవాలి. అప్పుడు నిలావెలి వద్దు, దక్షిణ తీరం మంచిది. ఉనవటునలో పాపకి ఈత, మిరిస్సలో తిమింగలాలు, ఉడవలవెలో ఏనుగులు, ఎల్లలో కొండనడక. యాలను వదిలి ఉడవలవె ఎందుకంటే, అక్కడ ఏడాది పొడుగునా ఏనుగులుంటాయి. తల్లిలేని గున్నలను పెంచి అడవిలోకి వదిలే కేంద్రం కూడా 1995 నుంచి అక్కడ నడుస్తోంది, పాలు పట్టే వేళకు దూరం నుంచి చూడనిస్తారు. దసరాకైతే నేను వెళ్లమనను. అక్టోబరు, నవంబరుల్లో ఏ తీరంలోనైనా వాన పడొచ్చు.

ఏజెంటును వదిలేయాల్సిన పని లేదు. ఈ దారి అతని ముందు పెట్టి, ధర కొత్తగా అడగండి. త్రికోణమలైలో మూడు రాత్రులు, వ్యాన్, రెండు సఫారీలు, అడవి పేరు ఆ రోజు తేల్చుకునే వీలు, సముద్రం బాగాలేక పడవ ఆగితే ఆ డబ్బు వాపసు. ఇవన్నీ కాగితం మీద రాసిస్తే అడ్వాన్సు ఇవ్వండి. "జూన్‌లో మిరిస్సలో తిమింగలాలు చూపిస్తా" అని ఇంకా అంటే మాత్రం వేరే మనిషిని చూసుకోండి. మీవారికి చెప్పేముందు అత్తయ్యగారికి ఒక మాట చెప్పి పాస్‌పోర్టు తీయించండి, ఆవిడకి ఆ పని ముందు కావాలి.